ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, ఉబుంటు: డ్యూయల్ బూట్ నిజంగా అవసరమా?

నమస్తే అండీ. ఇవాళ ఫోన్ రివ్యూ కాదు. విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లో దాన్ని అలాగే ఉంచి, పక్కన ఉబుంటు 24.04 అనే లినక్స్ వేసుకుని, ఆన్ చేసినప్పుడల్లా రెండింట్లో ఒకటి ఎంచుకుని వాడితే, అంటే డ్యూయల్ బూట్ చేస్తే, ఎలా ఉంటుందో చూద్దాం. దీని గురించి ఎక్కువగా అడుగుతున్నది బీటెక్ పిల్లలే. ల్యాబ్‌లో లినక్స్ ఉంటుంది, ఇంట్లో విండోస్ ఉంటుంది, మధ్యలో వీళ్లకి తిప్పలు.

ముందే ఒక మాట. మీకు కావాల్సింది టెర్మినల్, సీ ప్రోగ్రామ్‌లకి జీసీసీ కంపైలర్, పైథాన్, అంతేనా? అయితే డ్యూయల్ బూట్ జోలికి పోకండి. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ ఉంది, ఒక్క కమాండ్‌తో ఉబుంటు వచ్చేస్తుంది. పూర్తి డెస్క్‌టాప్ కావాలి, రోబోలని నడిపే ఆర్ఓఎస్ సాఫ్ట్‌వేర్ లాంటివి నేరుగా హార్డ్‌వేర్ మీద నడపాలి అనుకునేవాళ్లు మాత్రం వీడియో చివరిదాకా చూడండి.

ఉబుంటు ఇన్‌స్టాల్ చేయడం తేలికే. అసలు పనంతా దానికంటే ముందు, విండోస్‌లో ఉంది. ఆ పని ఎగ్గొట్టి నేరుగా పెన్‌డ్రైవ్ గుచ్చేసినవాళ్లే తర్వాత తల పట్టుకుంటారు.

మొదటిది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం. "నేనెప్పుడూ ఆన్ చేయలేదు బ్రో" అంటారు. మీరు చేయనక్కర్లేదండీ. ఇప్పుడొచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో ఈ తాళం దానంతటదే పడిపోతుంది. ఆ తర్వాత బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో, ఏదో ఒకటి మారుస్తారు, నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ చెప్పమంటుంది. కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవడమే. అందుకే ముందు మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఆ కీ చూసుకుని, కాగితం మీద రాసిపెట్టుకోండి. దాన్ని అదే ల్యాప్‌టాప్‌లో సేవ్ చేస్తే ఏం లాభం చెప్పండి? తర్వాత సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయండి. కాస్త టైమ్ పడుతుంది, ఛార్జర్ పెట్టి వదిలేయండి.

రెండోది ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే మీరు షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు ఉబుంటులోంచి సీ డ్రైవ్ తెరిస్తే ఫైళ్లు చూడొచ్చు గానీ మార్చనివ్వదు. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి హైబర్నేషన్ ఆఫ్ చేయండి, ఫాస్ట్ స్టార్టప్ కూడా దాంతోపాటే పోతుంది. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. కమాండ్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్. కొందరికి డ్రైవ్‌లో సగం ఖాళీ ఉన్నా, ఇక్కడ మాత్రం కొంచెమే ఇస్తానంటుంది. పేజ్ ఫైల్, రిస్టోర్ పాయింట్లు లాంటి కదలని ఫైళ్లు డ్రైవ్ మధ్యలో కూర్చుని ఉండటమే కారణం. వాటిని కాసేపు ఆఫ్ చేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి. ఉబుంటుకి నా లెక్కలో 60 నుంచి 100 జీబీ ఇవ్వాలి. 25 జీబీతో కూడా ఎక్కుతుంది గానీ, రెండు ప్రాజెక్టులు చేశాక ఇరుకైపోతుంది. ల్యాప్‌టాప్‌లో రెండో ఎస్ఎస్‌డీ స్లాట్ ఉంటే మాత్రం ఈ తలనొప్పంతా ఎందుకు? ఇంకో ఎస్ఎస్‌డీ కొని అందులో వేసుకోండి.

ఉబుంటుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి రూఫస్ అనే టూల్ వాడండి. ఇన్‌స్టాలర్‌లో "విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేయి" అన్న ఆప్షన్ తీసుకోండి. "ఎరేజ్ డిస్క్" జోలికి మాత్రం వెళ్లొద్దు, విండోస్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనపడదు. బయోస్‌లో స్టోరేజ్ ఇంటెల్ వాళ్ల ఆర్ఎస్‌టీ మోడ్‌లో ఉంటే అలా అవుతుంది, మామూలు మోడ్ అయిన ఏహెచ్‌సీఐకి మార్చాలి. టక్కున మార్చేస్తే విండోస్ బూట్ కాదు. విండోస్‌ని ముందు సేఫ్ మోడ్‌కి సెట్ చేసి, బయోస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లొచ్చాక విండోస్‌ని మామూలు బూట్‌కి తిప్పుకోండి.

ఇన్‌స్టాల్ అయ్యాక ఆన్ చేస్తే, ఏ సిస్టమ్ కావాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. పైన ఉబుంటు, కింద విండోస్ బూట్ మేనేజర్. ఏదీ నొక్కకపోతే ఉబుంటులోకి పోతుంది.

వాడకం విషయానికొస్తే, మొదట కంగారు పెట్టేది గడియారం. ఉబుంటు నుంచి విండోస్‌కి రాగానే టైమ్ సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తుంది. మదర్‌బోర్డు గడియారాన్ని ఉబుంటు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. మనం యూటీసీకి ఐదున్నర గంటలు ముందున్నాం కదా, ఆ తేడా. ఉబుంటులో ఒక్క కమాండ్‌తో సర్దుకుంటుంది.

ఉబుంటు వేగం నాకు బాగా నచ్చింది, తెలుగు టైపింగ్ కూడా. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ యాడ్ చేసుకుంటే చాలు. ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ మాత్రం కొంచెం పేచీ పెడుతుంది. నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో వచ్చే నీలం స్క్రీన్‌లో "ఎన్‌రోల్ మోక్" నొక్కి అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ స్క్రీన్ చూసి భయపడి కంటిన్యూ బూట్ నొక్కేశారో, డ్రైవర్ పని చేయదు. ఇక వాలరెంట్ గేమ్, ట్యాలీ, ఎంఎస్ ఆఫీస్ కావాలంటే విండోస్‌లోకి రావాల్సిందే.

విండోస్ అప్‌డేట్లతో ఎప్పుడూ చిన్న టెన్షన్ ఉంటుంది. 2024 ఆగస్టులో వచ్చిన ఒక అప్‌డేట్ తర్వాత చాలామందికి లినక్స్ బూట్ ఆగిపోయింది. అలాంటప్పుడు బాగుచేసుకోవడానికి ఆ ఉబుంటు పెన్‌డ్రైవ్‌ని చెరిపేయకుండా దాచుకోండి.

నా రేటింగ్ పదికి ఏడున్నర. రెండు ఎస్ఎస్‌డీలు ఉన్న ల్యాప్‌టాప్ అయితే తొమ్మిది. వద్దనుకుని ఉబుంటు తీసేయాలనుకుంటే పార్టిషన్‌ని నేరుగా డిలీట్ చేయకండి, గ్రబ్ నల్ల స్క్రీన్ దగ్గర ఆగిపోతారు. ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చి, ఆ తర్వాత డిలీట్ చేయండి. ఎక్కడైనా ఆగిపోతే ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో సహా కామెంట్ పెట్టండి, చూసి చెప్తాను.