జపమాల తీసి నామినేషన్ వేయమంటున్నారు: ఫాదర్ గారితో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: చెప్పండమ్మా, ఎక్కడి నుంచి?

శ్రోత: గుంటూరు జిల్లా నుంచండీ. వందనాలు ఫాదర్ గారూ. మా వార్డు ఈసారి ఎస్సీ మహిళకి వచ్చింది. పార్టీవాళ్లు నన్ను నిలబడమంటున్నారు. పంచాయతీకి పార్టీ గుర్తులుండవు గానీ, మనుషులు వాళ్లేగా. నన్ను బళ్లో వేసేటప్పుడు మా నాన్న హిందూ అని రాయించి తీసిన ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. నాకేమో పుట్టిన నెలకే జ్ఞానస్నానం ఇప్పించారు. ఆదివారం పూజలో పాట ఎత్తుకునేది నేనే. "మెడలో జపమాల తీసి నామినేషన్ వెయ్యి, ఎవరడుగుతారు" అంటున్నారు. రెండు రోజులుగా అన్నం సయించట్లేదు.

ఫాదర్: జపమాల తీయొద్దమ్మా. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదా మతంతో ముడిపడి ఉంది. 1956లో సిక్కులందరికీ, 1990లో బౌద్ధులకీ ఇచ్చారు. క్రైస్తవులమైన మనకివ్వలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలది బీసీ-సి, అంటే వెనకబడిన తరగతుల్లో ఒక గ్రూపు. రేపు ఓడినవాడు చర్చిలో జ్ఞానస్నానం రిజిస్టరు చూపించి కోర్టుకెక్కితే పదవి పోవచ్చు. అది పోయినా పోయింది, ప్రజాసేవకి పెట్టే తొలి సంతకమే అబద్ధమైతే ఎలా?

శ్రోత: జ్ఞానస్నానంతో మా పేట మారిందా ఫాదర్? నీళ్ల ట్యాంకరు ఇప్పటికీ ఊళ్లోనే ఆగిపోద్ది. మేం బిందెలు మోసుకెళ్లాలి.

ఫాదర్: మారలేదు తల్లీ. మన చర్చిల్లోనే వేరే వరసలు, వేరే సమాధులు పెట్టిన చోట్లున్నాయి. ఆ పాపం మనది. ఆ ఉత్తర్వు మార్చమని ఏటా ఆగస్టు 10న నల్ల జెండాలు పట్టుకుంటున్నాం. అదీ రాజకీయమే, విశ్వాసుల పనే. ప్రభుత్వ పదవులు కుదరనిది మా ఫాదర్లకి, మన తిరుసభ నియమావళి అయిన కానన్ చట్టం 285 ప్రకారం. అమెరికాలో ఫాదర్ రాబర్ట్ డ్రైనన్ పదేళ్లు కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నారు. 1980లో జగద్గురువులు, అంటే పోపుగారు, వద్దంటే ఇక పోటీ చేయలేదు. మీకు ఆ అడ్డు లేదు. బీసీ-సి సర్టిఫికెట్ తీసుకుని బీసీ మహిళ వార్డులోనో జనరల్ వార్డులోనో నిలబడండి. మీ ఓటు ఆ పంచాయతీలో ఉంటే చాలు.

శ్రోత: పూజయ్యాక మా ఫాదర్ గారు నా పేరు ఒక్కసారి చెప్తే...

ఫాదర్: అది మాత్రం అడగొద్దమ్మా. దివ్యసత్ప్రసాదానికి అన్ని పార్టీలవాళ్లూ ఒకే వరసలో వస్తారు. మీరు ఇల్లిల్లూ తిరగండి. ట్యాంకరు సంగతి ముందు చెప్పండి.

శ్రోత: రేపే ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్తానండీ.