యముడు దాటేయబోయిన ప్రశ్న

అందరికీ నమస్కారం. చావు గురించి మాట్లాడతానంటే ఎవరూ రారేమోనని కొంచెం టెన్షన్ పడ్డాను. వానలో కూడా ఇంతమంది వచ్చారు, సంతోషం.

మా నాన్న పోయినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పదో రోజు చెరువు గట్టున పిండం పెట్టి, అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. కాకి రాలేదు. అరగంటైంది. తుమ్మచెట్టు మీద రెండు కాకులున్నాయి గానీ కిందికి దిగవు. ఏదైనా మాటివ్వమన్నారు. "చెల్లి పెళ్లి నేను చేస్తాను నాన్నా" అని గట్టిగా అన్నాను. దిగలేదు. అప్పు సంగతి చెప్పమన్నారు, అదీ చెప్పాను. చివరికి బంధువుల్లో ఒక పెద్దాయన కండువా దులుపుకుంటూ, "ఆఖరి రోజుల్లో సరిగ్గా చూసుకోలేదని వాడి మనసులో ఉండిపోయింది, అందుకే ముట్టడం లేదు" అన్నాడు. అమ్మ వింది. పిండాన్ని నీళ్లలో కలిపేశాం. ఆ మాటని మాత్రం అమ్మ పద్దెనిమిదేళ్లు మోసింది.

ఆ సాయంత్రం నాన్న స్నేహితుడొకాయన వచ్చాడు. నాస్తికుడు. ఓదార్చాలనే వచ్చాడు పాపం. "కాకికేం తెలుస్తుందమ్మా? దీపం ఆరిపోయాక వెలుగు ఎక్కడికి పోయిందని అడుగుతామా? ఏమీ మిగలదు" అన్నాడు. అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

కాకి విషయంలో ఆయనే కరెక్ట్ అని ఇప్పటికీ అనుకుంటాను. అంతమంది గుంపుగా నిలబడి చూస్తుంటే కాకి ఎందుకు దిగుతుంది? కానీ కాకి సంగతి తెలిసినంత మాత్రాన మా నాన్న సంగతి తెలిసినట్టు కాదు. ఆయన అదీ ఇదీ ఒకే ఊపులో తేల్చేశాడు.

కఠోపనిషత్తులో నచికేతుడు మూడో వరంగా అడిగింది సరిగ్గా ఇదే. మనిషి పోయాక ఉంటాడని కొందరు, ఉండడని కొందరు అంటున్నారు, అసలు సంగతేమిటి? అడిగిందెవరిని? సాక్షాత్తు యముణ్ణి. ఈ ప్రశ్నకి అంతకంటే పెద్ద దిక్కు ఎవరున్నారు? ఆయనేమన్నాడు? "దేవైరత్రాపి విచికిత్సితం పురా." దేవతలకే ఇందులో సందేహం వచ్చిందయ్యా, ఇది తేలిగ్గా తెలిసేది కాదు, ఇంకేదైనా కోరుకో అన్నాడు. నూరేళ్లు బతికే కొడుకుల్ని, మనవల్ని ఇస్తానన్నాడు. ఏనుగులు, గుర్రాలు, బంగారం ఇస్తానన్నాడు. చావు గురించి మాత్రం అడగొద్దని బతిమాలినంత పని చేశాడు.

తర్వాత చెప్పాడు కదా అంటారు మీరు. చెప్పాడు. ఆత్మకి పుట్టుకా లేదు, చావూ లేదు అన్నాడు. అది నమ్మేవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ ఆ మాట అనడానికి యముడు అంత వెనకాడాడు. మా పెద్దాయనకి కండువా దులుపుకున్నంత సేపు కూడా పట్టలేదు.

సైన్సు పేరుతో తొందరపడ్డవాళ్లూ ఉన్నారు. అమెరికాలో డంకన్ మెక్‌డూగల్ అనే డాక్టరు, చావుబతుకుల్లో ఉన్న ఆరుగురిని త్రాసు మీద అమర్చిన మంచంలో పడుకోబెట్టి తూచి, ఆ లెక్కలు 1907లో ప్రచురించాడు. మొదటి రోగికి దాదాపు 21 గ్రాములు తగ్గిందన్నాడు. మిగతా లెక్కలు ఒకదానితో ఒకటి పొసగలేదు, రెండింటిని ఆయనే పక్కన పెట్టేశాడు. అయినా ఆత్మ బరువు 21 గ్రాములని వాట్సాప్‌లో వస్తూనే ఉంటుంది. మొన్న మా అల్లుడే పంపాడు.

నాకు నచ్చింది శామ్ పార్నియా అనే డాక్టరు బృందం. గుండె ఆగిపోయిన 2060 కేసుల మీద 2014లో వాళ్లు ఫలితాలు ప్రచురించారు. పైకి తేలి నన్ను నేనే చూసుకున్నానని కొందరు రోగులు అంటుంటారు కదా, అది తేల్చడానికి ఆసుపత్రుల్లో ఎత్తుగా అరలు బిగించి, పైనుంచి చూస్తేనే కనబడేలా బొమ్మలు పెట్టారు. బతికినవాళ్లలో 140 మందితో మాట్లాడారు. గుండె ఆగిన సమయంలో చుట్టూ జరిగింది ఒకతను చెప్పాడు, విచారిస్తే సరిపోయింది. తీరా చూస్తే అతనున్న చోట అరే లేదు! ఏళ్ల శ్రమ. ఉందనీ తేల్చలేదు, లేదనీ తేల్చలేదు. ఇంకా చూడాలని రాసి ఊరుకున్నారు.

అమ్మ పదో రోజున అదే గట్టు మీద పిండం పెట్టాను. మేమింకా వెనక్కి జరగనే లేదు, కాకి వాలింది. "చూశావా, తృప్తిగా వెళ్లింది" అన్నారెవరో. నాకు కళ్లనీళ్లొచ్చాయి, హాయిగా కూడా అనిపించింది. మీ దగ్గర దాచడమెందుకు? అవునూ అనలేదు, కాదూ అనలేదు. అదింకో ముద్దకి తిరిగొస్తుందేమోనని అక్కడే నిలబడి చూశాను.