జిల్లా పోలీసు శాఖలో ఎవరి కింద ఎవరు?

నమస్కారమండి. స్క్రీన్ మీద చార్టు కనిపిస్తోంది కదా. ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా పోలీసు శాఖ ఇది. పైన ఎస్పీ, ఇదిగో ఇక్కడ. తర్వాత అదనపు ఎస్పీలు. ఆ కింద సబ్ డివిజన్, డీఎస్పీ. బోర్డు మీద ఎస్‌డీపీఓ, అంటే సబ్ డివిజనల్ పోలీస్ ఆఫీసర్ అని ఉంటుంది, ఆయనే ఈయన. తర్వాత సర్కిల్, సీఐ. తర్వాత స్టేషన్, ఎస్‌ఐ. ఇక ఏఎస్‌ఐ, హెడ్ కానిస్టేబుల్, కానిస్టేబుల్. సరే, ఇంతవరకూ తేలికే.

ఇప్పుడు సర్కిల్ దగ్గర ఆగుదాం. కొంచెం పెద్దది చేస్తాను... ఆ, ఇక్కడ. మా బండి పోయినప్పుడు నేను నేరుగా సర్కిల్ ఆఫీసుకు వెళ్లాను. సీఐ గారు పెద్ద అధికారి కదా, పని త్వరగా అవుతుందనుకున్నాను. గంటన్నర కూర్చున్నాక స్టేషన్‌కి వెళ్లమన్నారు. అసలే బండి పోయిన టెన్షన్, ఆపైన ఇది. ఎఫ్‌ఐఆర్ కట్టేది స్టేషన్‌లోనండి. సర్కిల్ ఆఫీసు తన కింది స్టేషన్లను పర్యవేక్షిస్తుంది. చాలా చోట్ల రెండూ ఒకే ఆవరణలో ఉంటాయి, అందుకే ముందు బోర్డు చదవండి. పట్టణాల్లో కొన్ని స్టేషన్లకు సీఐయే ఎస్‌హెచ్‌ఓ, అంటే స్టేషన్ బాధ్యుడు, అక్కడ ఈ తేడా రాదు.

మనిషిని గుర్తుపట్టాలంటే నేను భుజం చూస్తాను. ఎస్‌ఐకి రెండు నక్షత్రాలు. సీఐకి మూడు, డీఎస్పీకీ మూడే! తేడా పట్టీలో ఉంది. ఎరుపు, నీలం రంగుల పట్టీ ఉంటే సీఐ, లేకపోతే డీఎస్పీ. ఇదిగో, రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టాను.

పక్క గళ్లు త్వరగా చూసేద్దాం. ఏఆర్ అంటే ఆర్మ్‌డ్ రిజర్వ్, సాయుధ బలగం, బందోబస్తుకు, ఎస్కార్టుకు. ఎస్‌బీ అంటే స్పెషల్ బ్రాంచ్, సమాచారం సేకరిస్తుంది. విజయవాడ, విశాఖల్లో కమిషనరేట్లు, అంటే ఎస్పీ బదులు పోలీస్ కమిషనర్ ఉంటారు, అక్కడ డీఎస్పీ స్థాయి అధికారిని ఏసీపీ అంటారు.

మళ్లీ స్టేషన్‌కి వద్దాం, నాకు ఇదే ముఖ్యం. ఫలానా ఊరు మా పరిధి కాదు అని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి, అంటే పరిధితో పనిలేకుండా నమోదు చేసి, తర్వాత సంబంధిత స్టేషన్‌కి పంపాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితం. అసలు తీసుకోకపోతే, బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 173(4) ప్రకారం అదే ఫిర్యాదును రాసి ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. నేనైతే స్పీడ్ పోస్టే వాడతాను, ఎప్పుడు చేరిందో ఫోన్‌లో చూసుకోవచ్చు. రసీదు ఫొటో తీసి పెట్టుకోండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లేటప్పుడు అది కావాలి.