టిప్పుల మీద పన్ను లేదన్నారు సరే, ఎవరికి ఎంత మిగిలింది?

నమస్కారం అండీ. ఇవాళ అమెరికా పన్నుల గురించి మాట్లాడుకుందాం. 2024 అధ్యక్ష ఎన్నికల్లో డొనాల్డ్ ట్రంప్, కమలా హారిస్ పోటాపోటీగా పన్ను హామీలు గుప్పించారు. ట్రంప్ గెలిచారు. ఆయన హామీల్లో కొన్ని 2025 జులై 4న చట్టం కూడా అయ్యాయి. అయిపోయిన పెళ్లికి ఇప్పుడు మేళం ఎందుకు అంటారేమో. అసలు లెక్క తేలేది ఇప్పుడే కదండీ. సభలో చప్పట్లు కొట్టేటప్పుడు ఎవరూ కాలిక్యులేటర్ తియ్యరు.

నేను ఏ పార్టీకీ వకాల్తా పుచ్చుకోవట్లేదు. కానీ ఆ ప్రచారంలో నాకు ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. ఎక్కువ హడావుడి జరిగిన హామీ వల్ల పేదవాడికి దక్కేది బాగా తక్కువ. జేబు మీద నిజంగా ప్రభావం చూపే విషయాలేమో చర్చల్లో ఒక మూలకి పోయాయి. అదెలాగో చూద్దాం.

2024 జూన్ 9, లాస్ వేగాస్. ఎండలో పెట్టిన సభలో ట్రంప్ ప్రకటించారు: హోటళ్లలో, రెస్టారెంట్లలో పనిచేసేవాళ్ల టిప్పుల మీద ఇక పన్ను ఉండదని. ఊరు ఊరికే ఎంచుకోలేదు. ఆ ఊరున్న నెవాడా, ఎన్నికల్లో అటూ ఇటూ ఊగే రాష్ట్రం. అక్కడి కలినరీ యూనియన్‌లో సుమారు 60 వేల మంది సభ్యులు. వెయిటర్లు, బార్‌టెండర్లు, గదులు శుభ్రం చేసేవాళ్లు. రెండు నెలల తర్వాత, ఆగస్టు 10న, హారిస్ అదే ఊళ్లో అదే మాట చెప్పారు. కనీస వేతనం కూడా పెంచుతామని కలిపారు. తన ఐడియా కొట్టేశారని ట్రంప్ గోల చేశారు. టీవీల్లో ఇదే రచ్చ.

సరే, కాగితం తీసుకోండి. 2024 రేట్లతోనే లెక్క వేద్దాం. పెళ్లి కాని ఒక వెయిట్రెస్ అనుకుందాం. జీతం 20 వేల డాలర్లు, టిప్పులు 15 వేలు, మొత్తం 35 వేలు. స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఆదాయంలో పన్ను వెయ్యకుండా వదిలేసే భాగం, 14,600 తీసేస్తే మిగిలిన దాని మీద ఫెడరల్ (కేంద్ర) ఇన్‌కమ్ ట్యాక్స్ 2,216 డాలర్లు. టిప్పులు లెక్కలోంచి తీసేస్తే 540. అంటే ఏడాదికి 1,676 డాలర్లు మిగులు. మంచి డబ్బే, కాదనను.

ఇప్పుడు పక్క టేబుల్ దగ్గర పనిచేసే ఇంకొకామెని చూడండి. ఒంటరి తల్లి, పిల్లలు ఇద్దరు, ఒకరికి నాలుగేళ్లు, ఇంకొకరికి ఎనిమిది. పిల్లల కోసం తక్కువ గంటలు చేస్తుంది. జీతం, టిప్పులు కలిపి 24 వేలు. ఆమెకి స్టాండర్డ్ డిడక్షన్ 21,900. మిగిలిన 2,100 మీద పన్ను 210 డాలర్లు, అది కూడా పిల్లలున్నవాళ్లకి పన్నులోంచి తగ్గించే క్రెడిట్‌లో కొట్టుకుపోతుంది. అంటే ఆమె కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్ అసలే సున్నా. టిప్పుల మీద పన్ను ఎత్తేస్తే మిగిలేది? సున్నా.

ఇది ఎక్కడో ఒకరి కథ కాదు. టిప్పుల మీద బతికే ఉద్యోగుల్లో 37 శాతం మందికి ఆదాయం ఎంత తక్కువంటే, వాళ్లకి 2022లో ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్సే పడలేదని యేల్ యూనివర్సిటీలోని బడ్జెట్ ల్యాబ్ లెక్కగట్టింది. పైగా అలాంటి ఉద్యోగులు దేశం మొత్తం మీద 40 లక్షల మంది, పనిచేసేవాళ్లలో వందకి ఇద్దరు ముగ్గురు.

ఆ తల్లి అసలు పన్నే కట్టదా అంటే, కడుతుంది. సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (పెద్దవాళ్ల ఆరోగ్య బీమా) కింద ప్రతి చెక్కులోంచీ 7.65 శాతం కోత పడుతుంది. 24 వేల మీద 1,836 డాలర్లు. చట్టం వచ్చాక కూడా టిప్పుల మీద ఆ కోత అలాగే ఉంది. మినహాయింపు ఇన్‌కమ్ ట్యాక్స్‌కే, అది కూడా ఏడాదికి 25 వేల డాలర్ల టిప్పుల దాకానే.

ఇంకొకటి. అదే రెస్టారెంట్ వంటగదిలో చెమటలు కక్కుతూ వంట చేసే కుక్కి కూడా 35 వేలే వస్తాయనుకోండి, అంతా జీతమే. అతను 2,216 కట్టాలి, బయట వడ్డించే ఆవిడ 540 కడుతుంది. ఒకే ఆదాయం, ఒకే హోటల్, రెండు పన్నులు. దీన్ని సమర్థించే వాదన ఇంతవరకు నాకు ఎక్కడా దొరకలేదు. ఓట్లు నెవాడాలో ఉన్నాయి అన్న వాదన తప్ప.

ఇప్పుడు చర్చల్లో మూలకి పోయిన విషయానికి వద్దాం: చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్. ఆరేళ్ల లోపు పిల్లలకి 3,600, ఆపై పిల్లలకి 3,000 ఇస్తామని, కొత్తగా పుట్టిన బిడ్డకి మొదటి ఏడాది 6,000 ఇస్తామని హారిస్ అన్నారు. ముఖ్యమైన సంగతి ఏంటంటే, పన్ను కట్టేంత ఆదాయం లేకపోయినా మొత్తం చేతికొస్తుంది. మన లెక్కలోని తల్లికి 2024 రూల్స్ ప్రకారం ఇద్దరు పిల్లలకి కలిపి చేతికొచ్చేది 3,225. హారిస్ ప్లాన్‌లో 6,600, అందులో ఆ 210 పన్ను పోను చేతికొచ్చేది 6,390. టిప్పుల హామీలో సున్నా, ఇందులో ఏడాదికి 3,165 అదనం. కానీ ఏది హెడ్‌లైన్ అయింది?

ఇది గాల్లో మేడ కూడా కాదు. 2021లో ఒక్క ఏడాది ఇలాగే ఇచ్చారు. జులై నుంచి డిసెంబర్ దాకా నెలనెలా పిల్లకి 250, 300 డాలర్లు బ్యాంకులో పడ్డాయి. ప్రభుత్వ సాయాన్ని కూడా కలిపి చూసే లెక్కలో పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది. ఆపేశాక, 2022లో 12.4 శాతానికి ఎగిరింది. ఇంత స్పష్టంగా ఫలితం కనిపించే పన్ను పథకాలు అరుదు. అయితే ఖర్చు కూడా బోలెడు. దానికి డబ్బు కార్పొరేట్ ట్యాక్స్ 21 నుంచి 28 శాతానికి పెంచి తెస్తామన్నారు హారిస్. అది అమెరికా కాంగ్రెస్‌లో గట్టెక్కేదా అంటే నాకు డౌటే.

ట్రంప్ పక్షం కూడా ఖాళీగా లేదు. ఆయన ఉపాధ్యక్ష అభ్యర్థి జేడీ వాన్స్ ఒక ఇంటర్వ్యూలో ఒక్కో పిల్లకి 5,000 ఇస్తే బాగుంటుందన్నారు. చివరికి చట్టంలో వచ్చింది 2,000 నుంచి 2,200. అంటే 200 పెంపు. ఆ 24 వేల తల్లికి ఆ పెంపులో కూడా ఒక్క డాలర్ రాదు. ఎందుకంటే ఆమెకి వచ్చేది ఆదాయాన్ని బట్టి కట్టే ఫార్ములాతో ఆగిపోతుంది, ఆ ఫార్ములాని ముట్టుకోలేదు.

అక్కడున్న మనవాళ్లకి ఇక్కడొక మెలిక ఉంది. హెచ్-1బీ మీద వెళ్లినవాళ్లు, పాప ఇండియాలో పుట్టి హెచ్-4 (వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే, ఆ పాపకి సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండదు. కాబట్టి ఈ క్రెడిట్ వర్తించదు, 500 డాలర్ల చిన్న క్రెడిట్‌తో సరిపెట్టుకోవాలి. తమ్ముడు అక్కడే పుడితే వాడికి 2,200. ఒకే ఇంట్లో అక్కకి అయిదొందలు, తమ్ముడికి రెండువేల రెండొందలు.

ఓవర్‌టైమ్ మీద పన్ను లేదన్న హామీ సంగతి త్వరగా చెప్పేస్తా. గంటకి 20 డాలర్లు ఉన్నవాడికి ఓవర్‌టైమ్‌లో 30 వస్తే, మినహాయింపు ఆ 30కి కాదు, పైనున్న 10కి. అది కూడా ఏడాదికి 12,500 దాకా. నెల జీతం మీద ఉన్న సాఫ్ట్‌వేర్ వాళ్లు రాత్రి రెండింటికి లేచి ప్రొడక్షన్ ఇష్యూ చూసినా వాళ్లకి ఓవర్‌టైమే లేదు, ఇక మినహాయింపు ఎక్కడిది!

సోషల్ సెక్యూరిటీ పెన్షన్ మీద పన్ను ఎత్తేస్తామన్నదీ అంతే. సెనేట్‌లో 51 ఓట్లతో బడ్జెట్ బిల్లు పాస్ చేసుకునే పద్ధతిలో సోషల్ సెక్యూరిటీ జోలికి వెళ్లకూడదు, అది రూలు. ప్రచారంలో ఆ రూలు పెద్దగా వినపడలేదు. చివరికి 65 దాటినవాళ్లకి 6,000 డాలర్ల అదనపు డిడక్షన్ ఇచ్చి, అదే ఇదని చెప్పుకున్నారు.

అసలు పెద్ద పన్ను ప్లాన్ ఇంకొకటి ఉంది. దాన్ని పన్ను అని పిలవలేదంతే. టారిఫ్. అన్ని దేశాల సరుకుల మీద 10 నుంచి 20 శాతం, చైనా మీద 60 శాతం అన్నారు ట్రంప్. ఆ సొమ్ము విదేశాలు కడతాయన్నారు. హారిస్ దాన్ని ట్రంప్ సేల్స్ ట్యాక్స్ అని వెక్కిరించారు. ఫిలడెల్ఫియా డిబేట్‌లో కూడా ఇదే రగడ. కస్టమ్స్‌లో చెక్కు రాసేది అమెరికాలో సరుకు దింపుకునే కంపెనీ. అది తన లాభంలోంచి భరిస్తుందా, అమ్మేవాడి మెడ మీద కూర్చుని ధర తగ్గించుకుంటుందా, కొనేవాడి మీద వేస్తుందా అన్నది సరుకుని బట్టి ఉంటుంది.

దీనికి మంచి ఉదాహరణ వాషింగ్ మెషీన్. 2018 జనవరిలో ట్రంప్ దిగుమతి వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేశారు. ఫెడరల్ రిజర్వ్, షికాగో యూనివర్సిటీ ఆర్థికవేత్తలు తర్వాత ధరలు తవ్వి చూశారు. వాషర్ సుమారు 86 డాలర్లు పెరిగింది. డ్రైయర్ 92 డాలర్లు పెరిగింది. డ్రైయర్ మీద సుంకమే లేదు! షాపులో రెండూ జంటగా అమ్ముతారు కాబట్టి పెంపుని రెండిటి మీదా పంచేశారు. అమెరికాలో తయారైన మెషీన్ల ధర కూడా పెరిగింది, పోటీ తగ్గింది కదా మరి. సుమారు 1,800 ఉద్యోగాలు వచ్చాయి. ఒక్కో ఉద్యోగానికి వినియోగదారుల జేబులోంచి పోయింది సుమారు 8 లక్షల 15 వేల డాలర్లు. మన 24 వేల తల్లికి టిప్పుల మినహాయింపులో మిగిలింది లేదు గానీ, అప్పట్లో వాషరూ డ్రైయరూ కొనాల్సి వచ్చుంటే 178 డాలర్లు ఎక్కువ పెట్టాల్సి వచ్చేది. ఆదాయంలో ఎక్కువ భాగం సరుకులకే పోయేవాళ్ల మీద ఈ పన్ను ఎక్కువ బరువు.

అమ్మేవాడి మెడ మీద కూర్చోవడం అన్నాను కదా, అది చూడాలంటే భీమవరం వెళ్లాలి. మన దేశపు రొయ్యలకి పెద్ద మార్కెట్ అమెరికా, ఆ రొయ్యల్లో ఎక్కువ భాగం ఆంధ్ర చెరువుల్లోవే. 2025 ఆగస్టు 27న భారత్ సరుకుల మీద సుంకం 50 శాతానికి చేరింది, రొయ్యలకి అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్ సుంకాలు అదనం. ఎగుమతిదారులు వెంటనే కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి రైతుకిచ్చే ధరలు) తగ్గించారు. మేత రేటు తగ్గలేదు, కరెంటు బిల్లు తగ్గలేదు, పట్టుబడి మాత్రం ఆపలేరు. నెవాడాలో జరిగిన ఎన్నికల ప్రచారానికి గోదావరి జిల్లాల్లో చెరువు గట్టు మీద బిల్లు వచ్చింది, ఆ రైతుకి అక్కడ ఓటు కూడా లేదు.

ఇంటికి డబ్బు పంపడం మీద పన్ను ఇంకో ముచ్చట. ప్రచారంలో పెద్దగా వినపడని ఈ సంగతి 2025 మేలో బిల్లులోకి 5 శాతంగా వచ్చింది. మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షనో! అది 3.5 అయింది, చివరికి 1 శాతం అయింది, అది కూడా నగదు, మనీ ఆర్డర్ లాంటి వాటితో పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచి పంపేవాళ్లకి ఏమీ లేదు.

ఎడిసన్‌లో ఇల్లు కొనుక్కున్నవాళ్లకి మాత్రం వేరే కథ. న్యూజెర్సీలో ఇంటి పన్ను ఒక్కటే తేలిగ్గా 10 వేల డాలర్లు దాటుతుంది. రాష్ట్ర పన్నులు, ఇంటి పన్ను కలిపి, ఫెడరల్ పన్ను లెక్కలో ఆదాయంలోంచి 10 వేలకి మించి తగ్గించుకోవద్దని 2017లో పరిమితి పెట్టిన చట్టం మీద సంతకం చేసింది ట్రంపే. 2024లో ఎత్తేస్తానన్నదీ ఆయనే. చివరికి 40 వేలకి పెంచారు. బాగా సంపాదించే ఇంటికి ఇది వేల డాలర్ల లాభం, దీని కోసం వీధుల్లో నినాదాలేమీ వినపడలేదు.

గడువుల సంగతి కూడా చూడండి. 2017 చట్టంలో మామూలు జనానికి ఇచ్చిన తగ్గింపులు 2025 చివరికి ముగిసేలా పెట్టారు, కార్పొరేట్ రేటుకి మాత్రం గడువు లేదు. అందుకే 2024 ఎన్నికల్లో పన్నుల మాట అంతగా వినపడింది. ఇప్పుడు టిప్పులు, ఓవర్‌టైమ్, 65 దాటినవాళ్ల డిడక్షన్, ఈ మూడింటి గడువు 2028 డిసెంబర్ ఆఖరు. తర్వాతి అధ్యక్ష ఎన్నిక 2028 నవంబర్. లాస్ వేగాస్‌లో ఏ హాలు బుక్ చేస్తారో గానీ, ఉపన్యాసం ఎలా ఉంటుందో మీకు ఇప్పటికే తెలుసు.