ఫారంలో ఆ ఒక్క ప్రశ్న

నమస్కారమండీ. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లు ఎవరైనా మొదటిసారి డాక్టర్ దగ్గరికెళ్తే ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, మీరు అబోరిజినల్ వాళ్లా, టోరెస్ స్ట్రెయిట్ దీవుల వాళ్లా, అంటే ఆ దేశపు మూలవాసులా అని. మనం కాదు అని టిక్ కొట్టేసి ముందుకెళ్లిపోతాం. అవును అని టిక్ పెట్టే తల్లికి మాత్రం అది చాలా ముఖ్యం, ఎందుకంటే వాళ్ల పిల్లలకి కొన్ని టీకాలు అదనంగా ఫ్రీ, మెదడు పొరల వాపు లాంటివి రాకుండా వేసే మెనింగోకోకల్ బి టీకా 2020 నుంచి అలాగే ఇస్తున్నారు.

సరే, ఆ తల్లులు టీకాలు వేయించరు, భయం, అవగాహన లేదు అని టక్కున అనేస్తారు చాలామంది. లెక్కలు చూస్తే అలా లేదండీ. 2020లో 5 ఏళ్ల వయసు పిల్లల్లో టీకాలన్నీ పూర్తయినవాళ్ల శాతం మిగతావాళ్లకన్నా వీళ్లలోనే ఎక్కువ, 95 దాటింది. వెనకబడేది ఏడాది, రెండేళ్ల వయసులో, అంటే వేయిస్తున్నారు గానీ లేటవుతోంది.

లేటైతే ఏమైందిలే అనుకోవద్దు, కోరింత దగ్గు అంత టైమివ్వదు. బిడ్డకి దాని మొదటి సూది 6 వారాలు నిండాకే, అప్పటిదాకా కాపాడేది కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన రక్షణే, అందుకే గర్భిణికి 20 నుంచి 32 వారాల మధ్య ఆ టీకా వేస్తారు, ఫ్రీగానే. కానీ ఫ్రీ అనగానే వచ్చేస్తారా? వాళ్ల అమ్మమ్మల కాలంలో సర్కారు మనుషులే వచ్చి పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకెళ్లిపోయారు, 2008లో ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు, నిజమే, అయినా ఆస్పత్రి గుమ్మం ఎక్కేటప్పుడు ఆ భయం ఎక్కడికి పోతుంది చెప్పండి.

అందుకే వాళ్లే నడుపుకునే క్లినిక్‌లకి అంత విలువ, మొదటిది 1971లో సిడ్నీ రెడ్‌ఫర్న్‌లో పెట్టుకున్నారు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఇంకో పని చేశారు, నాకు బాగా నచ్చింది, టీకా డేట్ దాటాక అడగడం కాకుండా డేట్ రాకముందే ఇంటికి ఫోన్ చేసి గుర్తుచేస్తారు. ఇంతే!

టీనేజ్ పిల్లల సంగతి వేరు. హెచ్‌పీవీ టీకా బళ్లోనే వేస్తారు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా. ఆ రోజు బడికి రాకపోయినా, ఇంటి నుంచి సంతకం పెట్టిన కాగితం తేకపోయినా మిస్సయినట్టే. 2023 నుంచి ఒక్క డోసు చాలంటున్నారు కాబట్టి కొంచెం తేలికైంది, మిస్సయినవాళ్లు 26 ఏళ్లు వచ్చేలోపు క్లినిక్‌కి వెళ్లి ఫ్రీగా వేయించుకోవచ్చు.