చీకట్లో పరాయి మాట

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించాలి. అంశం షూటర్ లెవెల్స్‌లో, అంటే తుపాకీ వీడియో ఆటల్లో ఆటగాడు తిరిగే చోట్లలో, లైటింగ్ అన్నారు. దాంతోనే మొదలుపెడతాను కానీ, నా బెంగంతా మాటల మీదే.

అభిమానులు చేసే లెవెల్స్‌లో రెండు అలవాట్లు పాతుకుపోయాయి. ఒకటి కారుచీకటి. రెండోది, శత్రువు రష్యన్‌లోనో జర్మన్‌లోనో మాట్లాడటం. విడివిడిగా రెండూ మంచివే. ఒకేచోట పడ్డాయా, ఆటగాడికి కళ్లూ పనిచేయవు, చెవులూ పనిచేయవు.

1992లో వచ్చిన వుల్ఫెన్‌స్టైన్ 3డీలో కాపలావాడు 'ఆఖ్టుంగ్' అని అరుస్తాడు. జర్మన్ ముక్క రాకపోయినా ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే ఆ అరుపు చెప్పేది ఒక్కటే: నిన్ను చూశాడు. అక్కడ అనువాదం అక్కర్లేదు. అరుపు వేరు, ఆచూకీ వేరు. 'తాళం నీళ్ల ట్యాంకు వెనకాల ఉంది' అనే మాటను రష్యన్‌లో పలికించి, తెరమీద అనువాదం చూపే క్యాప్షన్ పెట్టకుండా, పైగా ఆ ట్యాంకును చీకట్లో దాచేస్తే ఆటగాడు గోడలు తడుముకుంటూ తిరుగుతాడు. పది నిమిషాలు చూసి ఆట మూసేస్తాడు. తప్పు అతనిది కాదు.

లైటింగ్ సంగతి సోర్స్ ఇంజిన్‌లో, అంటే ఆటలు కట్టే ఆ సాఫ్ట్‌వేర్‌లో, చెబుతాను, ఇక్కడ ఎక్కువమంది వాడేది అదే కాబట్టి. లెవెల్ నల్లగా వచ్చిందంటే ముందు కంపైల్ లాగ్, అంటే లెవెల్‌ను ఆటగా మార్చేటప్పుడు వచ్చే చిట్టా, చూడండి. ఎక్కడో లీక్, అంటే లెవెల్ గోడల్లో బయటికి సందు, ఉంటే ఎక్కడి నుంచి ఏది కనిపిస్తుందో లెక్కకట్టే వీవిస్ నడవదు. అప్పుడు వెలుగును లెక్కకట్టే వీరాడ్ 'నో విస్ ఇన్ఫర్మేషన్, డైరెక్ట్ లైటింగ్ ఓన్లీ' అని రాస్తుంది. అంటే వెలుగు గోడలకు తగిలి తిరిగి పరుచుకోవడం ఉండదు, నీడలన్నీ తారు పూసినట్టు వస్తాయి. దాన్ని చూసి 'ఆహా, ఏం వాతావరణం' అనుకుని అలాగే వదిలేసేవాళ్లున్నారు. దయచేసి వదలకండి. అది కళ కాదు, గోడలో కన్నం.

నిజంగా చీకటి కావాలంటే గదిని కాదు, గమ్యాన్ని వెలిగించండి. లైట్ ఎంటిటీ (లెవెల్లో మనం పెట్టే దీపం) బ్రైట్‌నెస్ మామూలుగా 200 ఉంటుంది. గది అంతటికీ నీలం కలిసిన 20, 30 చాలు. తలుపు మీద మాత్రం 150 పెట్టి, యాభై శాతం దూరం, అంటే వెలుగు సగానికి తగ్గే దూరం, 64, సున్నా శాతం దూరం, అంటే వెలుగు పూర్తిగా ఆరే దూరం, 256 యూనిట్లుగా (ఇంజిన్ కొలతలో) ఇవ్వండి. వెలుగు తలుపు దగ్గరే ఆగిపోతుంది. ఆటగాడి ఎత్తు 72 యూనిట్లు; ఆ ఎత్తున ఎదురుగా వచ్చే శత్రువు వెనక కాస్త వెలుతురు గోడ ఉంటే, మొహం కనపడకపోయినా ఆకారం తెలుస్తుంది. లైట్లు తగ్గించాక క్యూబ్‌మ్యాప్‌లు, అంటే మెరిసే వస్తువుల మీద కనిపించే ప్రతిబింబాల బొమ్మలు, మళ్లీ కట్టడం మరిచిపోతే ఇనుప పైపులు పాత వెలుగుతోనే మెరుస్తూ చీకటినంతా చెడగొడతాయి. లైట్‌మ్యాప్ స్కేల్, అంటే గోడ మీద వెలుగునీడల చుక్కల సైజు, 16 నుంచి 4కు దించితే నీడల అంచులు పదునెక్కుతాయి, కానీ అదే గోడకు పదహారు రెట్లు డేటా పడుతుంది. కటకటాల నీడ పడే నేల లాంటి చోట్ల చాలు, లెవెల్ అంతా వద్దు.

చీకటి అనగానే 2004 నాటి డూమ్ 3 గుర్తొస్తుంది. టార్చి పట్టుకుంటే తుపాకీ లేదు, తుపాకీ పట్టుకుంటే టార్చి లేదు. అభిమానులు ఊరుకోలేదు. డక్ట్ టేప్ అనే మాడ్ (ఆటకు అభిమానులు చేసే మార్పు) చేసి టార్చిని తుపాకీకే కట్టేశారు. 2012లో మళ్లీ విడుదల చేసినప్పుడు టార్చిని కవచానికే తగిలించి ఇచ్చారు. చీకటి భయపెట్టాలి, చేతులు కట్టేయకూడదు. ఆ మాడ్ కట్టింది మనలాంటి వాళ్లే, మరవకండి.

సరే, మాటల దగ్గరికి వస్తాను. ఇక్కడే అందరూ పడిపోతున్నారు. రష్యన్ మాట రికార్డు చేసిన వేవ్ ఫైలును యాంబియెంట్ జెనెరిక్ అనే శబ్దం వినిపించే ఎంటిటీలో నేరుగా పెడితే శబ్దం వస్తుంది, క్యాప్షన్ రాదు. ఎందుకంటే క్యాప్షన్ వేవ్ ఫైలు పేరుకు అంటుకోదు, సౌండ్ స్క్రిప్ట్‌లోని, అంటే శబ్దాలకు పేర్లు పెట్టే ఫైల్లోని, పేరుకు అంటుకుంటుంది. ముందు సౌండ్ స్క్రిప్ట్‌లో ఆ మాటకో పేరు పెట్టండి. అదే పేరును రిసోర్స్ ఫోల్డర్‌లోని క్లోజ్‌క్యాప్షన్ టెక్స్ట్ ఫైల్లో రాసి, ఎదురుగా అనువాదం రాయండి. ఫైలును యూటీఎఫ్-16 లిటిల్ ఎండియన్ అనే అక్షరాల పద్ధతిలో సేవ్ చేయండి. తర్వాత క్యాప్షన్ కంపైలర్ నడపండి. ఆట చదివేది అది తయారుచేసే డాట్ (.dat) ఫైలునే. టెక్స్ట్ దిద్ది కంపైల్ మరిచిపోతే పాత మాటే కనిపిస్తుంది, మీరు తలపట్టుకుంటారు.

ఇంకో పొరపాటు: మాటలకు ఎస్ఎఫ్ఎక్స్ ట్యాగ్, అంటే 'ఇది ఉత్త చప్పుడు' అనే గుర్తు, తగిలించడం. సబ్‌టైటిల్స్ మాత్రమే పెట్టుకున్న వాళ్లకు ఆ ట్యాగ్ ఉన్న వరుసలు కనబడవు. సీఎల్ఆర్ ట్యాగ్‌తో ఒక్కో మనిషికి ఒక్కో రంగు ఇవ్వండి. చీకట్లో ఎవరు మాట్లాడుతున్నారో మొహం చూసి తెలుసుకోలేం కదా. కాల్పుల మధ్య వచ్చే మాట ఒక్క వరుస దాటకూడదు. పెద్ద మాటైతే ఎల్ఈఎన్ ట్యాగ్‌తో సెకన్లు పెంచండి. క్యాప్షన్లు ఆపేసి ఆడేవాళ్లూ ఉంటారు కాబట్టి, దారి చెప్పే మాటను గేమ్ టెక్స్ట్ ఎంటిటీతో కూడా తెరమీద చూపండి, లేదా ఆ దారిలో ఒక దీపం పెట్టండి.

ఒక్క నిమిషం, గంట కొట్టకండి. అనువాదం ఆ భాష మాట్లాడేవాళ్ల చేత చూపించండి. రష్యన్‌లో 'తీ', 'వీ' అని, జర్మన్‌లో 'డూ', 'జీ' అని, మన నువ్వు, మీరు లాంటి తేడా ఉంది. యంత్రానికి ఇచ్చి వదిలేస్తే, తుపాకీ గురిపెట్టినవాడు 'దయచేసి మీరు చేతులు పైకెత్తండి' అన్నట్టు పలుకుతాడు. భాష తెలిసినవాడికి ఆ ఒక్క మాటతో భయమంతా పోతుంది. అలాంటి వాళ్లు ఈ హాల్లోనే ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి, మిగతావాళ్లు వాళ్ల పక్కన కూర్చోండి.