గ్యామెట్లు రాయకుండా గళ్ళు గీయొద్దు

అందరికీ నమస్కారం.

జన్యుశాస్త్రం లెక్కలంటే బైపీసీ పిల్లలకు ఎందుకో ఒక టెన్షన్. మ్యాథ్స్ తప్పించుకుందామనే కదా ఈ గ్రూపులో చేరాం, ఇక్కడా నిష్పత్తులేనా అంటారు. నిజానికి ఇందులో ఉన్న గణితం హైస్కూలు భిన్నాలను దాటదు. చాలామందికి లెక్క తప్పేది గుణకారం దగ్గర కాదు, తల్లి, తండ్రి గ్యామెట్లను గళ్ళ పట్టికలో కలపడానికి ముందే, ఆ గ్యామెట్లు (అండం, శుక్రకణం లాంటి బీజకణాలు) రాసే చోట. ఇవాళ నేను మాట్లాడేది ఆ ఒక్క మెట్టు గురించే.

కణ విభజన ఫస్టియర్ పాఠం, అనువంశికత సెకండియర్ పాఠం. మియోసిస్‌ను, అంటే గ్యామెట్లు తయారయ్యే విభజనను, దశల పేర్లుగా బట్టీ పట్టి పరీక్ష రాసేస్తాం. ఏడాది తిరిగాక మెండెల్ నిష్పత్తులు 3:1, 9:3:3:1 లను విడిగా బట్టీ పడతాం. రెండూ ఒకే సంగతి అని ఎవరూ గట్టిగా చెప్పరు. మెండెల్ 1866లో తన బఠానీ ఫలితాలు అచ్చు వేయించినప్పుడు క్రోమోజోముల సంగతి ఆయనకు తెలియదు. అవి విడిపోయే తీరూ, ఆయన చెప్పిన కారకాలు (ఇప్పుడు మనం జన్యువులంటున్నవి) విడిపోయే తీరూ ఒకటేనని సట్టన్, బొవెరి అనే శాస్త్రవేత్తలు 1902–03 ప్రాంతంలో గుర్తించారు. మనకు ఆ ఇబ్బంది లేదు కదా, రెండూ చేతిలోనే ఉన్నాయి.

ముందు క్రోమోజోములు లెక్కపెట్టడం. ల్యాబులో మీరు చూసే ఉల్లి వేరు కొసనే తీసుకుందాం. ఉల్లి కణంలో 16 క్రోమోజోములు. డీఎన్ఏ రెట్టింపయ్యాక ఎన్ని? 32 అని వెంటనే చెయ్యెత్తుతారు. కాదు, 16 మాత్రమే. ఒక్కోదానికి రెండేసి క్రోమాటిడ్లు, అంటే ఒకేలాంటి రెండు పోగులు, వచ్చాయంతే. ఆ రెండు పోగులనూ కలిపి పట్టే చోటు సెంట్రోమియర్. సెంట్రోమియర్లు ఎన్ని ఉంటే క్రోమోజోములు అన్ని. ఇదొక్కటి పట్టుకుంటే మిగతాది దానంతటదే వస్తుంది. మామూలు కణ విభజన మైటాసిస్‌లో, క్రోమోజోములు చెరో వైపుకు జరిగే అనాఫేజ్ దశలో సెంట్రోమియర్లు చీలతాయి కాబట్టి అప్పుడు ఆ కణంలో 32. మియోసిస్ మొదటి అనాఫేజ్‌లో అవి చీలవు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చిన జతలు మాత్రమే విడిపోతాయి. కాబట్టి అక్కడ 16 అలాగే ఉండి, చెరో వైపుకు 8 పోతాయి. ఆ 8కీ రెండేసి క్రోమాటిడ్లు ఇంకా ఉన్నాయి. అవి విడిపోయేది రెండో విభజనలో. ఈ తేడా గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని పడుతుంది.

ఇక గ్యామెట్లు. గింజ ఆకారానికి క్యాపిటల్ ఆర్ స్మాల్ ఆర్, గింజ రంగుకు క్యాపిటల్ వై స్మాల్ వై జన్యువులు ఉన్న మొక్క ఇచ్చే గ్యామెట్లేవి అంటే, ఒక గ్యామెట్‌లో రెండు ఆర్‌లూ, ఇంకోదాంట్లో రెండు వైలూ రాసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. రెండు జతల చెప్పులున్నాయి, ఒక్కో జత నుంచి ఒక్కో చెప్పు తీయమంటే, ఒకే జతను మొత్తం పట్టుకుపోయినట్టుంటుంది. ప్రతి జత నుంచీ ఒకటి రావాలి, ఒకటే రావాలి. అలా నాలుగు రకాలు వస్తాయి. మెండెల్ లెక్కపెట్టిన 556 గింజల్లో 315, 108, 101, 32 గా తేలినవి ఆ నాలుగు రకాలు కలిసిన ఫలితమే. మూడు జతలుంటే 64 గళ్ళు గీస్తూ కూర్చోకండి. మూడు లక్షణాలకూ విషమయుగ్మజాలైన (జతలో ఒక క్యాపిటల్, ఒక స్మాల్ ఉన్న) రెండు మొక్కల సంకరంలో అన్నీ అంతర్గతంగా (జతలో రెండూ స్మాల్‌గా) ఉన్న మొక్క వచ్చే అవకాశం 1/4 ను మూడుసార్లు గుణిస్తే 1/64. జన్యువులు వేరువేరు క్రోమోజోముల మీద ఉంటేనే అనుకోండి ఇది. ఒకే దాని మీద దగ్గరదగ్గరగా ఉంటే ఈ గుణకారం చెల్లదు.

ఇంకో లెక్క. తల్లీ తండ్రీ ఇద్దరూ థలసీమియా అనే రక్తపు జబ్బుకు క్యారియర్లు, అంటే జబ్బు లేకుండా జతలో ఒక లోపం జన్యువును మోసేవాళ్ళు. అక్కకు జబ్బుంది, తమ్ముడికి లేదు. తమ్ముడు క్యారియర్ అయ్యే అవకాశం ఎంత? సగం అంటారు. నాలుగు గళ్ళలో రెండు క్యారియర్‌వే, నిజమే. కానీ తమ్ముడికి జబ్బు లేదని మనకు ముందే తెలుసు కదా. ఆ గడి కొట్టేయండి. మిగిలినవి మూడు, అందులో క్యారియర్‌వి రెండు. జవాబు 2/3. మెండెల్ దీన్ని తోటలోనే తేల్చాడు. రెండో తరం గుండ్రటి గింజల నుంచి పెంచిన 565 మొక్కల్లో 193 గుండ్రటివే ఇచ్చాయి, 372 రెండు రకాలూ ఇచ్చాయి. ఒకటికి రెండు, దాదాపుగా.

పెద్దవాళ్ళు కూడా వచ్చారు కాబట్టి ఒక మాట. నలుగురిలో ఒకరికి అంటే, ఒక బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తరవాతి ముగ్గురికీ భయం లేదని కాదు. ప్రతి కాన్పుకూ ఆ 1/4 మళ్ళీ కొత్తగా మొదలవుతుంది.

ఇప్పుడు రెండు పాఠాలూ కలిసే లెక్క. వర్ణాంధత్వం జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, ఒక్క మంచి ఎక్స్ ఉన్నా చూపు బాగుంటుంది. మామూలుగా ఆడవాళ్ళకు రెండు ఎక్స్‌లు, మగవాళ్ళకు ఒక ఎక్స్, ఒక వై. తల్లి చూపు మామూలే, కానీ వర్ణాంధత్వానికి క్యారియర్. తండ్రికి ఆ లోపం లేదు. కొడుక్కి రెండు ఎక్స్‌లు, ఒక వై ఉన్నాయి, ఎరుపు పచ్చల తేడా తెలియడం లేదు. విభజన ఎక్కడ తప్పింది?

గళ్ళు గీయకుండా వెనక్కి నడుద్దాం. లోపం కనబడుతోందంటే కొడుకు ఎక్స్‌లు రెండూ లోపం ఉన్నవే. తండ్రి ఎక్స్ మంచిది కాబట్టి ఒక్కటీ ఆయన నుంచి రాలేదు, ఆయన ఇచ్చింది వై. రెండూ తల్లివే. మొదటి విభజనలో జత విడిపోక ఉంటే అండంలో ఒక మంచి ఎక్స్, ఒక లోపం ఎక్స్ ఉండేవి, పిల్లాడి చూపు బాగుండేది. రెండూ లోపం ఉన్నవే వచ్చాయంటే ఒకే క్రోమోజోము తాలూకు రెండు క్రోమాటిడ్లు కలిసి వచ్చాయన్నమాట. అవి విడిపోవాల్సింది రెండో విభజనలో. తప్పింది అక్కడ. క్రాసింగ్ ఓవర్ (జతలోని క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) జరగలేదనుకున్నాం, పరీక్షలో ఆ మాట కూడా రాయండి.

ఇంటికెళ్ళి చేయడానికి ఒకటి ఇస్తాను. తండ్రికి వర్ణాంధత్వం ఉంది. తల్లి క్యారియర్ కూడా కాదు. కూతురికి ఒకే ఎక్స్ ఉంది, వై లేదు, వర్ణాంధత్వం ఉంది. ఆ ఎక్స్ ఎవరిది, ఎవరి గ్యామెట్‌లో ఎక్స్ లేకుండా పోయింది? ఇది రెండు లైన్లలో తేలిపోతుంది. ఇంకా సందేహాలుంటే ఇప్పుడే అడగండి, బోర్డు ఖాళీగానే ఉంది.